ఎండీ జీతం ఎన్ని రెట్లు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన మందుల కంపెనీ. వేతన ఒప్పందం చర్చలు దగ్గరపడ్డాయి. మా ఎండీ జీతం మా జీతాలకు ఎన్ని రెట్లో అధికారికంగా ఎక్కడ దొరుకుతుంది? (ఒక కార్మికుడు, పటాన్‌చెరు)

జవాబు: మీ కంపెనీ వార్షిక నివేదికలోనే ఉంటుంది. 2013 కంపెనీల చట్టం 197(12) సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలన్నీ ఈ లెక్క ప్రకటించి తీరాలి. బీఎస్ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి యాన్యువల్ రిపోర్ట్ పీడీఎఫ్ దించుకోండి. అందులో ‘మీడియన్’ అన్న మాటను ఇంగ్లీషులో వెతికితే డైరెక్టర్ల నివేదిక అనుబంధం దొరుకుతుంది. ఒక్కో డైరెక్టర్ పారితోషికం ఉద్యోగుల మీడియన్ జీతానికి ఎన్ని రెట్లు, ఈ ఏడాది ఎవరికి ఎంత శాతం పెరిగింది, మీడియన్ ఎంత పెరిగింది, పర్మనెంట్ ఉద్యోగులు ఎంతమంది అన్నవి అక్కడే ఉంటాయి. నాలుగూ రాసుకోండి. చర్చల్లో రెట్ల కన్నా పెరుగుదల శాతాలే ఎక్కువ పనికొస్తాయి. ఎండీకి 18 శాతం, మీడియన్‌కు 6 శాతం అని కంపెనీయే అచ్చువేసి ఉంటే, ‘ఈ ఏడాది ఇచ్చుకోలేం’ అన్న మాట నిలవదు.

మీడియన్ అంటే సగటు కాదు, బళ్లో చెప్పిన మధ్యగతం. అయిదుగురి జీతాలు 2, 3, 4, 6, 85 లక్షలైతే సగటు 20 లక్షలు, మధ్యగతం 4 లక్షలు. చట్టం అడిగేది రెండోది. అదే న్యాయం కూడా.

లిస్టు కాని కంపెనీలకు ఈ నిబంధన లేదు. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ దాఖలు చేసిన ఎంజీటీ-7 అనే వార్షిక రిటర్న్ చూస్తే డైరెక్టర్ల పారితోషికం తెలుస్తుంది. మిగతా లెక్క మీరే వేసుకోవాలి.

ప్రశ్న: మా కంపెనీలో ఈ నిష్పత్తి ఏడాదిలో 200 నుంచి 127కు తగ్గింది. ఎండీ జీతం తగ్గలేదు, మాకు పెరగలేదు. ఇదెలా? (యూనియన్ ప్రతినిధి, విశాఖపట్నం)

జవాబు: ముందుగా కాంట్రాక్టు కార్మికుల సంఖ్య చూడండి. ఈ లెక్కలోని పెద్ద లోపం అక్కడే ఉంది.

ఒక కంపెనీలో 1,000 మంది పర్మనెంట్ ఉద్యోగులు ఉన్నారనుకుందాం. 400 మందికి ఏడాదికి 2.4 లక్షలు, 300 మందికి 4.2 లక్షలు, 300 మందికి 9 లక్షలు. వరసలో 500వ మనిషి, 501వ మనిషి ఇద్దరిదీ 4.2 లక్షలే కాబట్టి మధ్యగతం 4.2 లక్షలు. ఎండీకి 8.4 కోట్లయితే నిష్పత్తి 200. ఇప్పుడు ప్యాకింగ్, క్యాంటీన్, సెక్యూరిటీ పనుల్లో ఉన్న ఆ 400 మందిని కాంట్రాక్టర్‌కు అప్పగించారు. జాబితాలో మిగిలింది 600 మంది. నడుమ పడే ఇద్దరిలో ఒకరిది 4.2 లక్షలు, ఇంకొకరిది 9 లక్షలు. మధ్యగతం 6.6 లక్షలకు లేచింది, నిష్పత్తి 127కు దిగింది. ఎవరికీ ఒక్క రూపాయి పెరగలేదు. అదే గేటులోంచి వచ్చి అదే పని చేసే 400 మంది కాగితం మీద మాత్రం మాయమయ్యారు. కాంట్రాక్టు కార్మికులను కలపని నిష్పత్తిని నిష్పత్తి అనడమే తప్పని మా అభిప్రాయం.

సరిచూసుకునే దారి ఉంది. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్ఎస్ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రిపోర్ట్) అనే నివేదిక ఇవ్వాలి. దాని మొదటి భాగంలో పర్మనెంట్ ఎంతమంది, పర్మనెంట్ కానివారు ఎంతమంది అన్నది విడిగా ఉంటుంది. అదే నివేదికలో మానవ హక్కుల గురించిన అయిదో సూత్రం కింద ఎంతమందికి కనీస వేతనమే ఇస్తున్నారు, ఎంతమందికి అంతకన్నా ఎక్కువ అన్న పట్టిక, ఆడవారి మగవారి మీడియన్ జీతాలు ఉంటాయి. రెండేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టండి. పర్మనెంట్ తగ్గి, కాంట్రాక్టు పెరిగి ఉంటే కారణం దొరికినట్టే. ఆపైన మీ గ్రేడ్ల జీతాలు, కాంట్రాక్టు వారి పే స్లిప్పులు కలిపి వరసలో పేర్చి మధ్యగతం మళ్లీ తీయండి. పై ఉదాహరణలో అలా చేస్తే మళ్లీ 200 వస్తుంది.

ఇంకో కారణమూ ఉండొచ్చు. ఎండీ షేర్ ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) వాడుకున్న ఏడాది అంకె ఒక్కసారిగా లేచి, మరుసటి ఏడాది పడిపోతుంది. కొన్ని కంపెనీలు ఆప్షన్లను కలుపుతాయి, కొన్ని కలపవు. పట్టిక కింద సన్న అక్షరాల్లో ఉండే గమనిక తప్పక చదవండి.

ప్రశ్న: జీతమే తీసుకోని అధిపతి సంగతేమిటి? (గుంటూరు)

జవాబు: ముకేశ్ అంబానీ 2008-09 నుంచి తన పారితోషికాన్ని 15 కోట్లకు పరిమితం చేసుకున్నారు. 2020-21 నుంచి అదీ తీసుకోవడం లేదు. ప్రమోటర్, అంటే కంపెనీని తన అదుపులో ఉంచుకున్న యజమాని, ఆదాయం ప్రధానంగా డివిడెండ్, షేర్ల విలువ. ఈ నిష్పత్తి వాటిని పట్టుకోదు. ప్రమోటర్ నడిపే కంపెనీలో షేరుకు ఇచ్చిన డివిడెండ్‌ను ఆయన కుటుంబానికి ఉన్న షేర్లతో గుణించి, ఆ మొత్తాన్ని కూడా పక్కన రాసుకోండి.

ప్రశ్న: సత్య నాదెళ్ల పారితోషికాన్ని మన ఐటీ కంపెనీల సీఈవోలతో పోల్చవచ్చా? (హైదరాబాద్)

జవాబు: రెట్లను నేరుగా పోల్చకండి. 2024 ఆర్థిక సంవత్సరానికి ఆయన మొత్తం 7.91 కోట్ల డాలర్లు. అందులో మూల వేతనం 25 లక్షల డాలర్లే. మిగతాది దాదాపు అంతా షేర్లు. అమెరికాలో షేర్లను మంజూరు చేసిన రోజు విలువతో లెక్కిస్తారు. మన దగ్గర సాధారణంగా ఉద్యోగి వాటిని వాడుకున్న ఏడాది లెక్కలోకి వస్తాయి. అక్కడ మీడియన్‌లో పార్ట్‌టైమ్ వారిని, విదేశీ ఉద్యోగులను కూడా కలపాలి. ఇక్కడ చాలా కంపెనీలు అనుబంధ సంస్థల ఉద్యోగులను వదిలేస్తాయి.

ప్రశ్న: నాకు ఒక కంపెనీలో 40 షేర్లున్నాయి. ఎండీ జీతంపై నా ఓటుకు విలువుందా? (విజయవాడ)

జవాబు: ఉంది. పబ్లిక్ కంపెనీలో డైరెక్టర్లందరికీ కలిపి నికర లాభంలో 11 శాతం దాటాలంటే వాటాదార్ల సమావేశం ఆమోదం కావాలి, ఒక్క ఎండీకి 5 శాతం దాటాలంటే వాటాదార్ల ప్రత్యేక తీర్మానం కావాలి. అంటే పోలైన ఓట్లలో 75 శాతం. ప్రమోటరే ఎండీ అయిన లిస్టెడ్ కంపెనీలో ఆయన పారితోషికం 5 కోట్లు లేదా నికర లాభంలో 2.5 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది దాటినా ప్రత్యేక తీర్మానమే. ఇది స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన.

2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ ఎండీ సిద్ధార్థ లాల్ పునర్నియామకం, పారితోషికం తీర్మానానికి సుమారు 73 శాతం ఓట్లే వచ్చి వీగిపోయింది. కంపెనీ పారితోషికానికి లాభంలో 1.5 శాతం గరిష్ఠ పరిమితి పెట్టి మళ్లీ వాటాదార్ల ముందుకు వచ్చాకే ఆమోదం దొరికింది.

మీటింగ్ నోటీసు మెయిల్‌కు వస్తుంది. తీర్మానం కింద ఇచ్చే వివరణలో కమీషన్ శాతం, ‘లాభం లేని ఏడాదిలోనూ కనీస పారితోషికం’ అన్న వాక్యం వెతకండి. ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉండి, మీటింగ్ ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది. నోటీసులో ఇచ్చిన కటాఫ్ తేదీన షేర్లు మీ డీమ్యాట్ ఖాతాలో ఉండాలి. డీమ్యాట్ షేర్లను భద్రపరిచే ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ లాగిన్‌తో ఓటు వేయొచ్చు. ఒకసారి వేసిన ఓటును మార్చుకోవడానికి వీలుండదు, కాబట్టి వివరణ పూర్తిగా చదివాకే నొక్కండి.