ఇల్లు బల్లార్షా స్టేషన్ దగ్గరా, చంద్రపూర్ బస్టాండు దగ్గరా?

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఉద్యోగం వచ్చింది, నెలకు రెండుసార్లు ఆసిఫాబాద్ పోవాలి, అమ్మ కూడా వచ్చిపోతూ ఉంటుంది, ఇల్లు ఎక్కడ చూసుకోవాలి అని అడిగారు. నేను కాగజ్‌నగర్ ఆడపడుచుని, ఇరవై రెండేళ్ల కింద బల్లార్‌పూర్ కోడలినయ్యాను. అందులో పదకొండేళ్లు చంద్రపూర్‌లో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాయడానికి రోజూ పోయి వచ్చాను. ఆ అనుభవంతో చెప్తున్నా: రైలు చూసి ఇల్లు తీసుకోకండి. రాత్రి తొమ్మిది దాటాక మీ గల్లీ దాకా ఏం దొరుకుతుందో చూసి తీసుకోండి.

ముందు పేర్ల గొడవ తేల్చుకోవాలి, ఎందుకంటే కొత్తవాళ్లు అక్కడే దెబ్బతింటారు. ఊరు బల్లార్‌పూర్, స్టేషన్ బల్హార్‌షా, మనవాళ్ల నోట్లో బల్లార్షా. ఈ మూడూ ఒకటే. చంద్రపూర్‌కు మాత్రం నిజంగానే రెండు స్టేషన్లున్నాయి. చంద్రపూర్ అనేది నాగపూర్ లైను మీద ఉంది, సెంట్రల్ రైల్వేది. చాందా ఫోర్ట్ గోందియా పోయే లైను మీద ఉంది. రెండు లైన్లూ బల్లార్షాలో కలుస్తాయి గానీ స్టేషన్లు వేర్వేరు. చాందా అన్నది ఊరి పాత పేరు. మా మామగారు చివరిదాకా చంద్రపూర్ అనలేదు, చాందా అనే అన్నారు. అందుకే మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. గోందియాలో పెళ్లికి చాందా ఫోర్ట్ నుంచి టికెట్లు తీసి, పెట్టెలతో చంద్రపూర్ ప్లాట్‌ఫారం మీద గంట కూర్చున్నాం. "మన బండి పేరు చెప్పరేం?" అని మా ఆయన లేచి అడిగితే అప్పుడు తెలిసింది. ఆటోలో ఉరికాం, బండి తోక కూడా కనబడలేదు. తలంబ్రాలు అయిపోయాక భోజనాలకు చేరాం. మా ఆడబిడ్డ ఇప్పటికీ ఆ మాట ఎత్తి పొడుస్తుంది.

ఇక రైళ్లు. సెంట్రల్ రైల్వే ముగిసి సౌత్ సెంట్రల్ మొదలయ్యేది బల్లార్షా దగ్గరే. అందుకే సికింద్రాబాద్ వైపు, నాగపూర్ వైపు బండ్లు ఇక్కడ బాగా దొరుకుతాయి. 2024 సెప్టెంబరులో మొదలైన నాగపూర్ - సికింద్రాబాద్ వందేభారత్ ఇక్కడా ఆగుతుంది, చంద్రపూర్‌లోనూ ఆగుతుంది. స్టేషన్ అందంగా కూడా ఉంటుంది. 2018లో స్టేషన్ల అలంకరణ పోటీలో బల్లార్షా, చంద్రపూర్ రెండిటికీ కలిపి మొదటి బహుమతి వచ్చింది. గోడల నిండా తాడోబా అడవి, పులులు. ఆ పులుల కింద కూర్చునే ఆటో కోసం చూస్తాం, అది వేరే సంగతి.

కానీ మీకు రైలు ఎంతవరకు పనికొస్తుంది? ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, దూరం. అక్కడ దిగి మళ్లీ ఇంకో బండి పట్టాలి. మీ అమ్మగారికి బస్సే నయం. ఆసిఫాబాద్ నుంచి వాంకిడి దాటి రాజురా, అక్కణ్నుంచి వార్ధా నది వంతెన మీదుగా బల్లార్‌పూర్, తర్వాత సుమారు 15 కిలోమీటర్లకు చంద్రపూర్. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే సరిహద్దు దాకా జీరో టికెట్, అక్కణ్నుంచి మాత్రం పైసలు కట్టాలి. ఇక్కడి ఎస్టీ బస్సుల్లో, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సుల్లో, ఆడవాళ్లకు 2023 మార్చి నుంచి సగం టికెట్. రాజురాలో దిగి ఎస్టీ ఎక్కితే ఇంకా మిగులుతుందని మా అత్త లెక్క. మే నెలలో 45 దాటే ఎండలో సంచులతో నిలబడి మిగిల్చుకునే ఆ పైసలు మళ్లీ చెరుకురసానికే పోతాయి. అమ్మను దిగకుండా నేరుగా రమ్మనండి.

వానాకాలం మాత్రం వేరు. వార్ధా పొంగితే రాజురా - బల్లార్‌పూర్ వంతెన మీదికి నీళ్లొచ్చి రోడ్డు మూసేస్తారు. 2022 జులైలో అదే జరిగింది. అలాంటి రోజుల్లో రైలే గతి. చైత్రంలో మహాకాళి జాతరకు కూడా బస్టాండు, స్టేషన్ రెండూ కిక్కిరిసిపోతాయి, ఆ వారం ప్రయాణం పెట్టుకోకపోతే మంచిది.

నేను రాత్రి గురించి ఎందుకు మొదలుపెట్టానంటే, ఒక దీపావళి ముందు దుకాణంలో లెక్కలు కుదరక ఆలస్యమైంది, బల్లార్‌పూర్ బస్సు దాటిపోయింది. ఆటోవాళ్లు తలా ఒక రేటు చెప్పారు. ఒంటరిగా పోవడానికి భయమేసి మా ఆయన స్కూటర్ మీద వచ్చేదాకా ఒక మందుల షాపు మెట్ల మీద కూర్చున్నా. రోజూ పోయే దారి చిన్నదై ఉండాలి, నెలకు రెండుసార్లు పోయేది కొంచెం పొడుగైనా ఫర్వాలేదని ఆ రాత్రే అనిపించింది.

కాబట్టి ఇల్లు చంద్రపూర్‌లోనే, ఆఫీసుకు దగ్గర్లో చూసుకోండి. మన మాట వినబడాలంటే లాల్‌పేట, బాబూపేట వైపు వెళ్లండి. బొగ్గు గనుల పనికి తాతల కాలంలో వచ్చినవాళ్లు బాగా ఉన్నారు, ఇంటివాళ్లతో బేరం తెలుగులోనే అయిపోతుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక రాత్రి తొమ్మిదిన్నరకు బస్టాండులో నిలబడి ఆ గల్లీకి ఆటో అడిగి చూడండి. పొద్దున చూపించే ఇళ్లన్నీ బస్టాండుకు దగ్గరే అంటారు.