ఎప్పుడూ తొందరలో, టెన్షన్‌లో బతికితే మనిషికి ఏమవుతుంది?

"పదేళ్ళుగా పరుగే. పని అయిపోయినా మనసు ఆగడం లేదు. రాత్రి రెండింటికి గుండెదడతో మెలకువ వస్తోంది. ఇది అందరికీ ఉండేదేనా, నిజంగా చెరుపు చేస్తుందా?" అని అడిగారు.

చేస్తుంది. నాకు చేసింది.

తిరుపతిలో పద్నాలుగేళ్ళుగా కార్లు తిప్పుతున్నాను. మొదట నేనే డ్రైవర్ని, ఇప్పుడు మూడు బండ్లతో చిన్న ట్రావెల్స్. మా పనంతా గడియారంతోనే. రేణిగుంటలో విమానం దిగేవాళ్ళు, దర్శనం టైమ్ దాటిపోతుందని కంగారుపడేవాళ్ళు, కొండ దిగి రైలు అందుకోవాల్సినవాళ్ళు.

కొండకు కారులో వచ్చినవాళ్ళకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఘాట్ రోడ్డులో మరీ తొందరగా రాకూడదు. చెక్‌పోస్టులో టైమ్ వేసిన చీటీ ఇస్తారు. నేను నడిపిన రోజుల్లో ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని లెక్క. అంతకన్నా ముందే చేరితే జరిమానా. నేనేం చేసేవాణ్ణంటే, మలుపుల్లో దూకించుకుంటూ దిగి, కిందికొచ్చాక బండి పక్కకు తీసి, టైమ్ అయ్యేదాకా చెట్టుకింద ఆపేవాణ్ణి. ఒక్కోసారి పది నిమిషాలు. బండి ఆగినా నేను ఆగేవాణ్ణి కాదు. వేళ్ళు స్టీరింగ్ మీద కొట్టుకుంటూనే ఉండేవి, కాలు అదురుతూనే ఉండేది. ఒకరోజు వెనక సీట్లోని పెద్దావిడ, "ఈడ ఊరికే నిలబడేదానికా నాయనా అట్ల తోలుకొచ్చినావు? నాకు కడుపులో తిప్పేసింది" అంది. చాలారోజులు ఆ మాట నన్ను వదల్లేదు. ఆవిడ అడిగింది నిజమే కదా. ఎవరికోసం ఆ తొందర?

నలభై ఒకటో ఏట బీపీ చూపిస్తే 160/100 వచ్చింది. అంతకుముందు రెండేళ్ళు గుండెదడను గ్యాస్ అనుకుని బిళ్ళలు మింగాను. రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నానని మా ఆవిడ చెబితే విసుక్కున్నాను. డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తాను. దారిలో పాము కనబడిందనుకోండి, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తం కండరాలకు ఎక్కువగా పోతుంది, అరుగుదల మందగిస్తుంది. వెనకాలే కార్టిసాల్ వచ్చి రక్తంలో చక్కెర పెంచుతుంది. పాము పోయాక ఇదంతా సర్దుకోవాలి. కానీ ఫోన్ మోగిన ప్రతిసారీ ఒళ్ళు పామే వచ్చిందనుకుంటే సర్దుకునేదెప్పుడు? కార్టిసాల్ మామూలుగా తెల్లవారే వేళకు పెరిగి రాత్రికి తగ్గాలట. రోజుల తరబడి ఒత్తిడిలో ఉంటే ఆ వరస తప్పుతుంది, నిద్ర చెడుతుంది. నిద్ర లేని మనిషికి మరునాడు చిన్న పని కూడా కొండంత కనిపిస్తుంది. ఇది తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

ఒంటికి జరిగింది మాత్రలతో కొంత అదుపులోకి వచ్చింది. మా నాయన విషయం అలా కాదు.

మాది పాకాల దగ్గర పల్లె, కాస్త మామిడితోట ఉంది. ఒకరోజు పొద్దున నాయన ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కుడికాలి చెప్పు విడిచి, కాఫీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, దామలచెరువు మండీలో బెంగుళూరా కాయ ధర దగ్గర మొదలుపెట్టాడు. ఆయన పద్ధతే అంత, ఊరంతా తిరిగి అసలు మాటకొస్తాడు. నేను నిలబడే బండి తాళాలు తిప్పుతున్నాను. "విషయం చెప్పు నాయనా, టైమ్ లేదు" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఏం లేదులే, నువ్వు పో. మళ్ళీ చెప్తా" అన్నాడు. నా ట్రిప్పుకు ఇంకా గంట టైముంది.

ఇరవై రోజులకు అమ్మ ఫోన్ చేసింది. తోటలో ముల్లు గుచ్చుకుందట. ఆయనకు ఎన్నో ఏళ్ళుగా షుగరు, అరికాళ్ళకు స్పర్శ తగ్గింది, నొప్పి తెలియలేదు. పుండు ముదిరి బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. ఆరోజు చెప్పాలని వచ్చింది ఆ కాలి సంగతే.

తర్వాత ఒక ప్రయోగం గురించి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డార్లీ, బాట్సన్ అనే సైకాలజిస్టులు చేసి, 1973లో ప్రచురించారు. పాస్టర్లు కావడానికి చదివే విద్యార్థులను ఒక్కొక్కరినీ ప్రసంగం చెప్పడానికి వేరే బిల్డింగుకు పంపారు. కొందరు చెప్పాల్సిన ప్రసంగం, దారిలో పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని బైబిల్ కథ గురించే. వాళ్ళ దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉండేలా ఏర్పాటు చేశారు. టైముందని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం మంది సాయానికి ఆగారు. బాగా ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్ళలో 10 శాతమే. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు. నేనూ నాయన మీద ప్రేమ లేక అలా అనలేదు.

ఇప్పుడు ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య గంటన్నర వదులుతున్నాను. ఆదాయం తగ్గింది, ఆ మాట దాచను. డ్రైవర్లకు కూడా ఘాట్‌లో టైమ్ ముందు దిగొద్దని చెప్పాను. నాయన ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. సాయంత్రం ఆయన అరికాళ్ళు, వేళ్ళ సందులు నేనే చూస్తాను, అప్పుడు ఫోన్ వేరే గదిలో పెడతాను. మొదటి నెల ఆ పదిహేను నిమిషాలూ చేతులు ఊరుకునేవి కావు. మూడో నెలకు నిద్ర కాస్త కుదిరింది.

మీ రాత్రి గుండెదడను మాత్రం నాలా గ్యాస్ అనుకుని వదిలేయకండి. ఈ వారంలోనే బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. దడతోపాటు ఛాతీలో నొప్పి వచ్చి చేతికో దవడకో పాకితే తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. మనసు అసలు నిలవడం లేదనిపిస్తే 14416కి చేయండి. అది ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.