తండ్రి వేషాల వైపు వస్తున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పోయిన నెల పరిషత్తు నాటక పోటీల్లో ఉత్తమ సహాయ నటుడి బహుమతి అందుకున్నావని చదివి చాలా సంతోషించాను. సహకార బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, హైదరాబాదు వచ్చి క్యారెక్టర్ ఆర్టిస్టుగా స్థిరపడదామనుకుంటున్నానని తరువాతి పేరాలోనే రాశావు గనుక ఆ సంతోషాన్ని కాస్త పక్కన పెట్టవలసివచ్చింది. మీ నాన్నగారూ నేనూ ఒకే మేకప్ పెట్టెతో తెనాలి చుట్టుపక్కల పరిషత్తులన్నీ తిరిగినవాళ్ళం. ‘బాబాయ్, ఉన్నదున్నట్టు చెప్పండి’ అని నువ్వు అడిగాక నీ దగ్గర నాకు మొహమాటం దేనికి?

ముందు ఉద్యోగం సంగతి. రాజీనామా కాగితం ఇంకా నీ సొరుగులోనే ఉంటే చింపేయి. జె.వి. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు స్థాయికి ఎదిగిన ఉద్యోగి. ఆ ఉద్యోగం చేసుకుంటూనే ఏళ్ళ తరబడి ‘కన్యాశుల్కం’లో రామప్పపంతులు వేషం కట్టారు. 1980లో ‘శంకరాభరణం’ విడుదలయ్యేనాటికి ఆయన యాభై దాటినవారు. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూ నాటకాలాడి, 1978లో తొలిసారి సినిమా తెర మీద కనిపించారు. ‘ప్రతిఘటన’లో కాశయ్యగా జనం నోళ్ళలో పడేసరికి 1985 వచ్చింది. నడుమనున్న ఆ ఏడేళ్ళను తక్కువగా లెక్కకట్టకు. నలభై నిండితే హీరో వేషాల వాళ్ళకు దిగులు మొదలవుతుంది, మనకు అప్పుడే గిరాకీ మొదలవుతుంది. నీకింకా ముప్ఫయి నాలుగే. చిన్న వేషానికి పట్టేది మూడు నాలుగు రోజుల పని గనుక, సెలవులు పొదుపుగా వాడుకుంటూ ఏడాదికి నాలుగైదు వేషాలు వేయవచ్చు. వేషాల మీద వచ్చే డబ్బు వరుసగా రెండేళ్ళు నీ జీతంతో సమానమైతే అప్పుడు రాజీనామా సంగతి మాట్లాడుకుందాం.

ఇక నేను ఈ ఉత్తరంలో ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. పరిషత్తులో నీ మాట వచ్చినప్పుడు వెలుగంతా నీ మీద ఉంటుంది, నీ మాట ముగిశాక కూడా ప్రేక్షకుడికి నువ్వు కనిపిస్తూనే ఉంటావు. కెమెరా ముందు అలా జరగదు. ఒక సన్నివేశాన్ని ముందు మాస్టర్ షాటులో మొత్తంగా తీస్తారు, తరువాత ఒకరి భుజం మీదుగా మరొకరిని చూపించే సజెషన్లు తీస్తారు, చివరికి ముఖాన్ని దగ్గరగా చూపించే క్లోజులు తీస్తారు. అంటే నీ వీపు మాత్రమే కనిపించే సమయమూ, కెమెరా పక్కన స్టూలు మీద కూర్చుని ఎదుటివారికి చూపు అందించే సమయమూ, నీ ముఖం కనిపించే సమయం కంటే చాలా ఎక్కువ. క్యారెక్టర్ ఆర్టిస్టు జీతం తీసుకునేది నిజానికి ఆ సమయానికే. ఈ మాట నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు, నేను తప్పు చేసి తెలుసుకున్నాను.

నా మూడో సినిమాలోనో నాలుగో సినిమాలోనో, కూతురిని అత్తవారింటికి పంపే తండ్రి వేషం వేశాను. పొద్దున నా క్లోజు ఒకే టేకులో అయిపోయింది, లైట్‌మెన్ కూడా చప్పట్లు కొట్టారు, దాంతో నాకు కాస్త తలకెక్కింది. భోజనాల తరువాత కూతురు వేషం వేస్తున్న అమ్మాయి క్లోజు పెట్టారు. ఫ్రేములో నా ఎడమ భుజం అంచు, చెవి వెనుక కాస్త జుట్టు తప్ప ఏమీ లేవు. నేను డైలాగు అప్పజెబుతున్నానే గానీ, నా చూపు ఆ అమ్మాయి నుదుటి బొట్టు దగ్గర ఆగిపోయింది, మనసు సాయంత్రం ఎక్కవలసిన బస్సు మీద ఉంది. మూడు టేకులైనా ఆ పిల్లకు కన్నీళ్ళు రాలేదు. గ్లిజరిన్ సీసా తీసుకొని మేకప్‌మన్ లేవబోతుంటే దర్శకుడు ఆగమన్నాడు; నా దగ్గరకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, ‘మాస్టారూ, పొద్దున మీ టేకు అప్పుడు ఆ పిల్ల ఇక్కడే నిలబడి నిజంగా ఏడ్చింది, మీరు ఇప్పుడు బాకీ తీర్చాలి’ అన్నాడు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. తరువాతి టేకులో ఆ అమ్మాయి కళ్ళలోకి పొద్దున చూసినట్టే చూశాను, ‘జాగ్రత్తమ్మా’ అన్న మాట పూర్తిగా బయటికి రాకముందే ఆ కళ్ళు నిండాయి. విడుదలయ్యాక చూస్తే, నా ఒకే టేకు క్లోజు ఎడిటింగులో ఎగిరిపోయింది. జనం గుర్తుపెట్టుకున్నది ఆ అమ్మాయి ముఖాన్నే. అయితే తరువాతి రెండు సినిమాలకు అదే దర్శకుడు నన్ను పిలిచాడు.

ఈ దృష్టితో ‘మాయాబజార్’ మళ్ళీ ఒకసారి చూడు. 1957 నాటి ఆ సినిమాలో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడిని అందరూ పొగుడుతారు. నేను నిన్ను చూడమంటున్నది మాయాశశిరేఖగా సావిత్రి గారు నడిచే నడకను. ఆ ఆడరూపంలో ఉన్నది రాక్షసుడని ప్రేక్షకుడు క్షణమైనా మరచిపోడు, ఎందుకంటే అంతకు ముందే రంగారావు గారు ఆ భుజాల విరుపునూ ఆ ధీమానూ మన కళ్ళలో అచ్చువేసి పెట్టారు. తాను తెర మీద లేని చోట కూడా పక్కవారికి పనికివచ్చేంత స్పష్టంగా వేషాన్ని కట్టడం అంటే అదే. అలాగే 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’లో కృష్ణదేవరాయలుగా ఎన్.టి. రామారావు గారు ‘అప్పాజీ’ అని పిలిచే గుమ్మడి గారు, ఆయన కంటే నాలుగేళ్ళు చిన్నవారు. ఆ పెద్దరికం తెల్లగడ్డంతో వచ్చింది కాదు. ఎదుటివారు మాట్లాడుతుంటే ఆయన తొందరపడకుండా వినే తీరులో వచ్చిందని నా నమ్మకం. పరిషత్తు నాటకాల వాళ్ళం మనకు ఇది కష్టమైన విద్య. జడ్జీల వరుస మీద ఒక కన్నువేసి ఉంచడం మనకు అలవాటై ఉంటుంది.

ఇంటి దగ్గర చేయవలసిన సాధన గురించి అడిగావు. అన్నిటికంటే ముందు పంచె కట్టుకోవడం నేర్చుకో. ఇప్పుడు కాస్ట్యూమ్ వాళ్ళు కుట్టిన పంచె తెచ్చి ఇస్తారు, ప్యాంటులా తొడుక్కుంటే సరిపోతుంది, అందువల్ల ఎవరూ నేర్చుకోవడం లేదు. అయితే కుట్టిన పంచెలో కూర్చున్న మనిషికీ కట్టిన పంచెలో కూర్చున్న మనిషికీ తేడా తెర మీద తెలిసిపోతుంది. కట్టుకున్నవాడు కూర్చోబోయే ముందు చెయ్యి దానంతట అదే కుచ్చెళ్ళ దగ్గరకు వెళ్ళి సర్దుతుంది, లేచేటప్పుడు కొంగు ఒకసారి విదులుస్తాడు, కోపం వస్తే ఎగగడతాడు. పౌరోహిత్యం చేసే ఆయన గోచీ పోసి కట్టే తీరు వేరు, రైతు మోకాళ్ళ పైకి బిగించే తీరు వేరు, సాయంత్రం అరుగు మీద కూర్చునే పెద్దమనిషి అడ్డపంచె వేరు. ఈ కట్లు చేతికి వస్తే వేషంలో సగం పని అయిపోయినట్టే, డైలాగులు లేని షాటులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న ప్రశ్నే రాదు. మీ తాతగారు ఉన్నప్పుడే నేర్చుకొని ఉంటే బాగుండేది. ఇప్పుడు మీ ఊరి గుడిలో పూజారి గారిని అడుగు, సంతోషంగా చూపిస్తారు.

తరువాత గొంతు. నీ గొంతు వెయ్యిమందికి మైకు లేకుండా వినిపిస్తుంది, అదే నీకు ఇక్కడ మొదటి ఇబ్బంది. సినిమాల్లోనూ సీరియళ్ళలోనూ ఎక్కువగా షూటింగు తరువాత డబ్బింగు చెబుతాము. చీకటి గదిలో, తెర మీద నీ పెదవులనే చూసుకుంటూ, రెండు నెలల క్రితం ఏ ఊపిరితో ఆ మాట అన్నావో ఆ ఊపిరిని మళ్ళీ తెచ్చుకోవాలి. పెదవులు కలపడం వారం రోజుల్లో వస్తుంది. ఊపిరి కలపడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో నాటకం ఆడిషనుకు వెళ్ళి చూడు. మైకుకు జానెడు దూరంలో నిలబడి, అరవకుండా కోపం చూపించడం నాకు పట్టుబడింది రేడియో నాటకాల్లోనే.

యాస గురించి ఒక మాట. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కోట గారు ‘ప్రతిఘటన’లో తెలంగాణ యాస మాట్లాడి మెప్పించారు, అది ఆయన చెవి గొప్పదనం. అయితే ఆ యాసను ఎంతోకాలం రౌడీలకూ నవ్వించే వేషాలకూ మాత్రమే అంటగట్టిన చెడ్డ అలవాటు మన సినిమాలకు ఉండేది, దానిలో మా తరం నటుల పాలు కూడా ఉంది. నువ్వు హైదరాబాదు వచ్చాక ఏ యాసనైనా నేర్చుకోవాలనుకుంటే, సినిమాలు చూసి మాత్రం నేర్చుకోకు. సిటీబస్సు ఎక్కి ఉప్పల్ నుంచి పటాన్‌చెరు దాకా కూర్చో, బియ్యం ధర గురించీ పిల్లల ఫీజుల గురించీ మామూలుగా మాట్లాడుకునేవాళ్ళను విను.

టీవీ సీరియళ్ళను చిన్నచూపు చూడవద్దు, పూర్తిగా నమ్ముకోనూ వద్దు. అద్దె కట్టించేవి అవే. ఒక్క రోజులో ఎపిసోడుకు సరిపడా సన్నివేశాలు తీస్తారు. పక్కనుంచి ప్రాంప్టింగ్ వినిపిస్తూ ఉంటుంది. మాట విని, అర్థం చేసుకొని, ముఖంలో పెట్టి పలకడానికి నీకు ఒక్క క్షణం దొరుకుతుంది. జ్ఞాపకశక్తికి అది మంచిది కాకపోయినా, కెమెరా అంటే బెరుకు పోవడానికి అంతకు మించిన బడి లేదు. ఒక సీరియలులో నేను రెండేళ్ళకు పైగా ఇంటి పెద్దగా వేశాను. ఒకరోజు మేనేజర్ ఫోన్ చేసి, ‘సార్, మీది నవ్వుతున్న ఫోటో పెద్ద సైజులో ఒకటి పంపిస్తారా’ అని అడిగాడు. ప్రచారానికేమో అనుకొని మంచిది ఒకటి ఏరి పంపించాను. సోమవారం సెట్టుకు వెళ్ళేసరికి ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి, గంధపు దండ వేసి, హాలు గోడకు తగిలించి ఉంది. ఆ పూట టిఫిన్ మాత్రం పెట్టి పంపించారు. మా ఇంట్లో ఇప్పటికీ ఆ కథ చెప్పుకొని నవ్వుకుంటారు, ఆ నెల ఈఎంఐ కట్టడానికి నేను పడిన పాట్లు వాళ్ళకు తెలియవు.

డబ్బు గురించి పొడిగా చెబుతాను. వేషం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాడు, వాడు ఏ ఆఫీసు పేరు చెప్పినా, వేషం ఇప్పించడు. అడ్వాన్సు చేతికి రాకుండా గడ్డం పెంచవద్దు, గుండు చేయించుకోవద్దు. నేను గుండు చేయించుకున్నాక ఆగిపోయిన సినిమా ఒకటి ఉంది. పారితోషికంలో నూటికి పది రూపాయలు ఆదాయపు పన్నుకని టీడీఎస్ కింద ముందే పట్టుకుంటారు, అది నీ పాన్ మీద నిజంగా జమ అయిందో లేదో ప్రతి మూడు నెలలకూ చూసుకోవాలి. బ్యాంకు మనిషివి గనుక ఇది నీకు నేను చెప్పనక్కరలేదు, అయినా పట్టుకున్న సొమ్ము జమ కాకుండా పోయిన అనుభవం నాకు రెండుసార్లు ఉంది గనుక చెబుతున్నాను. మిగిలిన బాకీని డబ్బింగుకు ముందే మర్యాదగా అడుగు. డబ్బింగు చెప్పేశాక నీ ఫోను ఎవరూ ఎత్తరు.

తండ్రి వేషాలకూ విలన్ వేషాలకూ పరభాషల నుంచి నటులను తెస్తున్నారన్న కోపం నీ ఉత్తరంలో కనిపించింది. ఆ కోపం నాకూ ఉంది, కోట గారు ఉన్నన్నాళ్ళూ బాహాటంగానే అంటూ ఉండేవారు. అయితే సెట్టులో ఆ మాట ఎత్తకు. తెలుగు రాని నటుడు ఎదురుగా నిలబడి డైలాగుకు బదులు అంకెలు లెక్కపెడుతుంటే కూడా, నువ్వు అతని చూపు పట్టుకొని నీ డైలాగు చెప్పగలగాలి. అతని అంకె ఎక్కడ ఆగుతుందో ముందే అడిగి తెలుసుకుంటే అదేమంత కష్టం కాదు.

వచ్చే నెలలో నీకు నాలుగు రోజులు సెలవు దొరికితే రా. యూసుఫ్‌గూడలో మా ఇంట్లోనే ఉండవచ్చు. నాకు తెలిసిన ఇద్దరు కో-డైరెక్టర్లకు నిన్ను చూపిస్తాను, సిఫారసు మాత్రం చేయను, వాళ్ళు నమ్మరు కూడా. ఫోటోలకు స్టూడియోలో వేలకు వేలు తగలేయకు. పగటి వెలుతురులో, మేకప్ లేకుండా, ఒకటి నేరుగా, ఒకటి పక్కనుంచి ఫోనులో తీయించుకొని వస్తే చాలు. వీడియోకి మాత్రం నీ బహుమతి నాటికలోని పెద్ద డైలాగు వద్దు. మీ అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, నిన్న మార్కెట్టులో ఏం జరిగిందో చెప్పమని అడిగి, ఆవిడ మాటలు వింటున్న నీ ముఖాన్ని రెండు నిమిషాలు తీయించుకురా. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. పంచెలు రెండు తెచ్చుకో, నాలుగు గజాలవి, కుట్టనివి.

ఆశీస్సులతో,
మీ బాబాయ్