గ్యాసే అంటారు, నమ్మకు

అమ్మా లావణ్యా,

నిన్ను సీసీయూలో, అదే గుండెజబ్బుల ఐసీయూలో, నర్సు డ్యూటీకి వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినడం లేదట. మానిటర్లూ, పంపులూ నెల తిరిగేసరికి అలవాటైపోతాయి, వాటి గురించి రాయను. ముప్పై ఏళ్ల డ్యూటీలో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఉన్నది ఉన్నట్టు చెప్పని పేషెంట్లే.

మన దగ్గర గుండెపోటుతో వచ్చేవాళ్లు చాలామంది 'గ్యాస్ పట్టింది సిస్టర్, ఇంజెక్షన్ ఇస్తే వెళ్లిపోతాం' అంటారు. సర్వీసు కొత్తలో ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి, షుగరుంది. పొద్దున్నుంచీ ఆయాసం, వికారం అంది. నొప్పి ఉందా అంటే లేదంది. నేనూ గ్యాసే అనుకుని బెంచీ మీద కూర్చోబెట్టి జ్వరాలవాళ్లను చూసుకున్నాను. ముప్పావుగంట తర్వాత ఆమె అటు తిరిగితే కనిపించింది, జాకెట్టు వీపంతా చెమటతో తడిసి ముద్దయింది. అప్పుడు తీశాం ఈసీజీ. బతికింది గానీ, ఆ ముప్పావుగంటలో చచ్చిన కండరం తిరిగి రాదు కదా.

షుగరున్నవాళ్లకి నరాలు మొద్దుబారి నొప్పి తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో, పెద్దవయసువాళ్లలో ఆయాసం, నీరసం, చెమటలే కనిపించొచ్చు. అందుకే 'నొప్పి ఉందా' అని అడిగి ఊరుకోకు. 'బరువుగా ఉందా, పట్టేసినట్టుందా, నడిస్తే ఎక్కువవుతోందా, దవడ గానీ చెయ్యి గానీ లాగుతోందా' అని అడుగు. అనుమానం వస్తే చాలు, మనిషి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ కాగితం డాక్టరు చేతిలో ఉండాలి. అది బాగానే ఉన్నా బాధ తగ్గకపోతే పావుగంటకి మళ్లీ తియ్యి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష కూడా మొదటిసారి నెగెటివ్ వచ్చి కొన్ని గంటల తర్వాత పెరగొచ్చు.

రక్తనాళాలు వదులు చేసే సార్బిట్రేట్ మాత్ర డాక్టరు రాసినా, నాలుక కింద పెట్టేముందు బీపీ చూడు. పై అంకె 90కి తక్కువుంటే పెట్టకూడదు. గుండె కింది గోడకి వచ్చిన పోటైతే ఛాతీకి కుడివైపు లీడ్స్ (ఈసీజీ వైర్లు) పెట్టి ఈసీజీ తీశారా అని అడుగు. కుడి జఠరిక, అంటే గుండె కుడివైపు కింది గది, దెబ్బతిన్నవాళ్లకి ఆ మాత్రతో బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఇంకొకటుంది, అది అడగడానికి నాకు చాలా ఏళ్లు సిగ్గేసింది. వయాగ్రా వేసుకుని 24 గంటలు, అలాంటిదే టడాలఫిల్ అయితే 48 గంటలు దాటకపోతే సార్బిట్రేట్ ఇవ్వకూడదు. పక్కన పెళ్లాం, కొడుకూ ఉంటే ఏ మగాడు ఒప్పుకుంటాడు? వాళ్లని ఓపీ చీటీ రాయించుకు రమ్మని పంపి, వంగి మెల్లగా అడుగు. 'ఇవ్వబోయే మందు దానితో పడదండీ, అందుకే అడుగుతున్నా' అంటే చెప్పేస్తారు.

గుండె రక్తనాళంలో గడ్డని కరిగించే స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు, డ్రిప్పులో గంటలో వెళ్లాలి. ఆ గంట కుర్చీ మంచం పక్కనే వేసుకో. బీపీ పడితే డ్రిప్పు తగ్గించి, కాళ్లు ఎత్తుపెట్టి, డాక్టరుని పిలువు. కొత్తగా తలనొప్పి అన్నా, మాట తడబడినా మందు ఆపి పిలువు. రక్తనాళం తెరుచుకునేటప్పుడు గుండె లయ గంతులు వేస్తుంది, గుండెకి షాకిచ్చే డీఫిబ్రిలేటర్ దగ్గరుండాలి. ఆ రోజు తుంటికి ఏ ఇంజెక్షనూ వద్దు, లోపల రక్తం కారి చేరి వాచిపోతుంది.

ఇక రాత్రిళ్లు. బెడ్‌పాన్ అంటే మనవాళ్లకి ప్రాణం మీదకొచ్చినట్టే. 'వద్దమ్మా, రావట్లేదు' అని బిగబట్టి, నువ్వు అటు తిరగ్గానే లేచి బాత్రూంకి పోయి గడియ పెట్టుకుంటారు. లోపల ముక్కీ ముక్కీ కళ్లు తిరిగి పడితే తలుపు పగలగొట్టాలి. అడిగేదాకా చూడకు. డాక్టరు ఒప్పుకుంటే కమోడ్ కుర్చీ మంచం పక్కనే వేసి తెర లాగు. విరేచనం సాఫీగా అయ్యే సిరప్ రాశారో లేదో సాయంత్రమే చూసుకో.

తొడ దగ్గర నుంచి గొట్టం పంపి యాంజియో (గుండె రక్తనాళాల పరీక్ష) చేయించుకున్నవాళ్లు 'కింద తడిగా ఉంది, చెమటేమో' అంటే దుప్పటి తీసి తొడ కిందకి చెయ్యి పోనివ్వు. కట్టు పైన శుభ్రంగానే ఉంటుంది, రక్తం వెనక్కి జారి పరుపులో ఇంకుతూ ఉంటుంది. రక్తమైతే ముందు గట్టిగా అదిమిపట్టు, తర్వాత కేకెయ్యి.

డిశ్చార్జి రోజు మాత్రలన్నీ మంచం మీద పరిపించి, ఏది ఎందుకో వాళ్ల నోటితోనే చెప్పించు. రక్తనాళం తెరిచి ఉంచే స్టెంటు వేశాక రక్తం పలచబరిచే మాత్రలు రెండుంటాయి. కడుపులో మంటని నెల తిరక్కుండా వాటినే మానేస్తారు, స్టెంటు మూసుకుపోయి మళ్లీ నీ దగ్గరికే వస్తారు.

అన్నట్టు, మీ నాన్న రెండు వారాలుగా సాయంత్రం నడక మానేశాడట, భోంచేసి నాలుగడుగులు వేస్తే ఛాతీలో మంటంటున్నాడట. ఫోన్లో అడిగితే 'గ్యాస్ వదినా' అని ఈనో తాగుతున్నట్టు చెప్పాడు. ఆదివారం దాకా ఆగకు. రేపు డ్యూటీకి వెళ్లేటప్పుడు వెంటబెట్టుకుపోయి ఈసీజీ తీయించి, అది బాగుందన్నా వదలకుండా డాక్టరుకి చూపించు.

మీ పెద్దమ్మ