కంచె పడిపోయి రెండు నెలలైంది... మావారికి తెలియకుండా డబ్బు ఇచ్చేయనా?

"మాకూ పక్కింటివాళ్ళకూ మధ్య భుజం ఎత్తు చెక్క కంచె ఉండేది. మేం ఈ ఇల్లు కొనేనాటికే అది ఉంది. తొమ్మిదేళ్ళుగా పక్కింటి వదినా నేనూ రోజూ పొద్దున్నే దాని మీదుగానే మాట్లాడుకునేవాళ్ళం. రెండు నెలల క్రితం ఒక రాత్రి గాలికి నాలుగు గుంజలు విరిగి, కంచె మా వైపు పడింది. వాళ్ళు దాని మీదికి పాకించిన తీగ బరువుకే పడిందని మావారు అంటారు. కంచె మీ ఇంటిదే, మీరే వేయించుకోండని వాళ్ళాయన అంటారు. ఒకరోజు మావారు కోపం పట్టలేక విరిగిన చెక్కలన్నీ వాళ్ళ పెరట్లోకి విసిరేశారు. తెల్లారేసరికి అవి మా గేటు పక్కన ఉన్నాయి. ఆ ఉక్రోషంలో నేను పడిపోయిన కంచె ఫొటో తీసి మా వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అప్పట్నుంచి వదిన నన్ను చూస్తే లోపలికి వెళ్ళిపోతోంది. ఏడడుగుల రేకులు పెట్టించేస్తే వాళ్ళ మొహం చూసే పనే ఉండదని మా పెద్దబ్బాయి అంటున్నాడు. మా కుక్కను రెండు నెలలుగా కట్టేసే ఉంచుతున్నాం. వాళ్ళ మూడేళ్ళ మనవడు అటూ ఇటూ తిరుగుతుంటాడు, నాకు అదో టెన్షన్. మావారికి తెలియకుండా సగం డబ్బు వదిన చేతిలో పెట్టి, వాళ్ళే వేయించినట్టు చేయిస్తే తప్పా?" అని ఒక సోదరి అడిగారు.

ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. వద్దమ్మా. మీ ఉద్దేశం మంచిదే. కానీ ఈ రహస్యం వచ్చే గొడవ దాకానే ఆగుతుంది. ఏదో ఒక రోజు చెట్టు కొమ్మ గురించో బండి అడ్డం గురించో ఇద్దరు మగవాళ్ళకూ మాటా మాటా వస్తుంది. అప్పుడు ఆయన నోట "మీ ఆవిడే వచ్చి డబ్బు ఇచ్చి వెళ్ళింది కదండీ" అని వస్తుంది. మీవారు ఎవరి ముందు తగ్గకూడదని రెండు నెలలుగా బిగుసుకుని కూర్చున్నారో, సరిగ్గా ఆ మనిషి నోటి నుంచే ఆ మాట వినాలి. ఆ తర్వాత మీ ఇంట్లో నడిచే గొడవ కంచె గురించి కాదు. పైగా వదినను కూడా వాళ్ళాయన దగ్గర అబద్ధం ఆడమంటున్నారు మీరు. ఇప్పటికే మీకు ముఖం చాటేస్తున్న మనిషిని అడగాల్సిన సాయమేనా అది?

ఇక అసలు విషయం. మిగతావన్నీ వారం ఆగుతాయి గానీ, ఒక్కటి ఇవాళే చేయాలి. మీ గేటు పక్కనున్న ఆ చెక్కల్లో మేకులు ఉంటాయి. వర్షానికి తడిసి తుప్పు పట్టిన మేకులు. మూడేళ్ళ పిల్లాడు చెప్పుల్లేకుండా తిరిగే చోట అవి ఉండకూడదు. ఎవరి చెక్కలు, ఎవరు విసిరారు అనే లెక్క పక్కనపెట్టి, వాటిని ఒకచోట పేర్చి కప్పేయండి. పారేయవద్దు, ఎందుకో తర్వాత చెబుతాను. ఖాళీ ఉన్న మేర మీ స్థలంలోనే, మీ వైపుకు ఒక జానెడు లోపలికి, నాలుగు కర్రలు పాతి ప్లాస్టిక్ వల కట్టించండి. ఇది మీవారికి చెప్పే చేయండి. "పిల్లాడికీ కుక్కకీ అడ్డంగా ఉంటుందని తాత్కాలికంగా కట్టాం, ఇదే హద్దని కాదు" అని వాళ్ళకు ఒక్క మెసేజ్ పెట్టమనండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే, చీకట్లో కర్రలు పాతారని అటువైపు ఇంకో కథ మొదలవుతుంది.

కంచె ఎందుకు పడింది? మీ ఉత్తరం చదివితే ఇద్దరు మగవాళ్ళూ సగం సగం నిజం పట్టుకుని కూర్చున్నట్టు అనిపించింది. చెక్క గుంజ సాధారణంగా నేల మట్టం దగ్గరే పాడవుతుంది. లోతున గాలి ఆడదు, పైన తేమ నిలవదు. చెక్కను తినే బూజుకు గాలీ తడీ రెండూ కావాలి, ఆ రెండూ కలిసేది సరిగ్గా నేల మట్టంలో. అందుకే పైకి గట్టిగా కనిపించే గుంజ కూడా ఒక గాలికి మొదలు దగ్గర పుటుక్కుమంటుంది. తీగ కూడా అమాయకురాలేం కాదు. ఆకుల గుబురు గాలికి తెరచాపలా అడ్డు నిలబడుతుంది, చెక్కను ఆరనివ్వదు, బరువు సరేసరి. తొమ్మిదేళ్ళకు పైబడ్డ కంచె, దాని మీద తీగ, ఆపైన పెద్ద గాలి. ఇందులో ఒక్కరినే బోనులో నిలబెట్టడం కష్టం.

చెక్కలు పారేయవద్దన్నది ఇందుకే. విరిగిన గుంజ మొదలు దగ్గరగా చూడండి. అక్కడ నల్లబడి, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే మెత్తగా పొడిలా రాలితే, అది ఎప్పటి నుంచో పుచ్చిపోతోందని అర్థం. అలా కాక తెల్లటి పొడుగు పేళ్ళు లేచి చీలి ఉంటే, గట్టి గుంజే బలానికి విరిగిందని. తప్పెవరిది అని ఇద్దరు మగవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెడితే ఎన్నేళ్ళయినా తేలదు. ఒక పుచ్చిన గుంజ ముందు పక్కపక్కన నిలబెడితే మాత్రం, "ఇదెప్పుడో పోయిందండీ" అని ఇద్దరిలో ఎవరో ఒకరు అనేస్తారు. మగవాళ్ళకు మనసు గురించి మాట్లాడటం కంటే చెక్క గురించి మాట్లాడటం సులువు. ఆ మాట ఎవరి నోట వచ్చినా రెండో ఆయనకు దిగిరావడానికి ఒక మెట్టు దొరుకుతుంది.

"కంచె మీ ఇంటిదే" అన్న వాళ్ళాయన మాటకు ఆధారం ఏమిటో మీరు రాయలేదు. గుంజలు ఎవరి వైపు కనిపిస్తే కంచె వాళ్ళదని చాలామంది నమ్ముతారు. ఎడమ చేతివైపు కంచె ఇంటివాళ్ళదేనని ఇంగ్లండ్‌లో ఓ నమ్మకం ఉంది, అక్కడి చట్టంలో మాత్రం అలాంటి నియమమేదీ లేదు. చూడాల్సింది మీ ఇంటి పత్రాలు, ప్లాను. వాటిలో కూడా కంచె ఊసే ఉండకపోవచ్చు. కంచె నిలబడిన గీతా పత్రాల్లోని హద్దూ ఒకటే కావాలని లేదు, వేసినవాళ్ళు రాయి అడ్డొచ్చిందనో చెట్టు అడ్డొచ్చిందనో కాస్త అటూ ఇటూ జరుపుతారు. మీ ఉత్తరంలో నాకు నచ్చినది ఒకటుంది. ఇంత గొడవలోనూ రెండిళ్ళవాళ్ళూ హద్దు తప్పని ఎక్కడా అనలేదు. దయచేసి దాన్ని మీరుగా కదపకండి. పాత గుంతల వెంటే కొత్త కంచె వేసుకుంటామంటే సర్వేయర్ అవసరం రాకపోవచ్చు. మీ అబ్బాయి ఆవేశంగా రేకులు దింపించి, అవి నాలుగు అంగుళాలు అటు జరిగాయనుకోండి, కంచె గొడవ కాస్తా స్థలం గొడవ అవుతుంది. అవి తరాలు తినేస్తాయి.

సగం ఖర్చు పెట్టుకుంటే ఓడిపోయినట్టేనా అన్న బాధ మీది కాదు, మీవారిది. ఆయనకు ఇది చెప్పి చూడండి. సగం సగం అనేది కొన్నిచోట్ల ఏకంగా చట్టమే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఇళ్ళ మధ్య కంచెల కోసమే 1991లో చేసిన చట్టం ఉంది. అవసరానికి సరిపోయే కంచెకు రెండు వైపులవాళ్ళూ సమానంగా పెట్టుకోవాలనీ, ఒకరి నిర్లక్ష్యం వల్ల పాడైతే మాత్రం ఆ ఒకరే బాగు చేయించాలనీ అందులో ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా 2013లో తెచ్చిన చట్టం కూడా ఇద్దరికీ సమాన లాభం, కాబట్టి సమాన ఖర్చు అనే మొదలుపెడుతుంది. పని మొదలుపెట్టే ముందు పక్కవాళ్ళకు 30 రోజుల ముందుగా రాతపూర్వకంగా చెప్పమంటుంది. మీరున్న చోట రూలు వేరుగా ఉండొచ్చు, అది అక్కడి లాయర్‌ను అడిగి తెలుసుకోవాల్సిందే. నేను చెప్పేదల్లా, సగం ఇవ్వడం తలవంపులైతే ఈ ప్రభుత్వాలు దాన్ని చట్టంలో రాసుకునేవి కావని. తీగ కట్ చేసే ఖర్చు వాళ్ళు పెట్టుకుంటామంటే అది న్యాయమే. అది కూడా ముందే షరతుగా పెట్టకండి, వాళ్ళ నోటి నుంచి రానివ్వండి.

ఇప్పుడు మీ గురించి. ఉత్తరమంతా మీవారి కోపం, మీ అబ్బాయి దుడుకు, వాళ్ళాయన మొండితనం గురించి రాశారు. మీ ఫొటో సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. వదిన లోపలికి వెళ్ళిపోవడం మొదలైంది ఎప్పటి నుంచి? కంచె పడ్డప్పటి నుంచి కాదు. చెక్కలు విసిరినప్పటి నుంచి కూడా కాదు. మీరే రాశారు, ఫొటో పెట్టినప్పటి నుంచి. గుంజలు విరిగింది గాలికి. వీధి మొత్తం ముందు ఆమె ఇంటిని నిలబెట్టింది మాత్రం మీరు. తొమ్మిదేళ్ళు పొద్దున్నే మాట్లాడుకున్న మనిషి ఒక్క ఫోన్ కూడా చేయకుండా గ్రూపుకు ఎక్కించిందే అని ఆమెకు ఉండదా?

కాబట్టి మీరు వదినతో మాట్లాడాలి. రహస్యంగా కాదు. "నేను ఫొటో పెట్టడం తప్పు, అది చెప్పడానికి వెళ్తున్నాను, కంచె గురించి ఏమీ మాట్లాడను" అని మీవారికి చెప్పి వెళ్ళండి. ఆయన విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి, ఆపరు. వెళ్ళాక గుమ్మంలోనే, "వదినా, ఆ ఫొటో పెట్టడం నాది తప్పు. నీతో ముందు చెప్పాల్సింది" అనండి. అంతే. "మీవాళ్ళు కూడా..." అని తోక తగిలించారో, వెళ్ళిన పని పోయింది. మీవారి తరఫున క్షమాపణ అడగవద్దు, ఆ చెక్కలు విసిరినందుకు చెప్పుకోవాల్సింది ఆయన. వదిన తలుపు వేసేసినా కంగారు పడకండి, చెప్పాల్సింది చెప్పారు. ఆ ఫొటో మీ ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన అందరి ఫోన్లలోంచీ పోదు. అందుకని అదే గ్రూపులో, "ఆ రోజు కోపంలో పెట్టాను, అది మా రెండిళ్ళ విషయం, ఇక్కడ పెట్టాల్సింది కాదు" అని ఒక్క లైను రాయండి. దాని కింద ఎవరైనా వ్యాఖ్యానాలు మొదలుపెడితే జవాబివ్వకండి.

నాలుగు రోజులు ఆగాక మీవారితో కూర్చోండి. "మీదే తప్పు" అనకండి, "వదిన మంచిది" అని కూడా అనకండి. "కంచె ఈ నెలలో నిలబడాలి. మీరు వెళ్ళి అడుగుతారా, మధ్యలో ఎవరినైనా పెద్దమనిషిని పిలుద్దామా?" అని అడగండి. వెళ్దామా వద్దా అని అడిగితే వద్దనే అంటారు. ఎలా వెళ్దాం అని అడిగితే ఆలోచిస్తారు. ఒప్పుకుంటే, మొదటి మాట డబ్బు గురించి కాకుండా, "ఆ గుంజలు ఒకసారి చూద్దాం రండి" అన్నదైతే మేలు.

మాట కుదిరాక ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి. పాత గీత మీదే వేస్తున్నామని, ఎంత ఎత్తో, దేనితో వేస్తారో, ఖర్చు ఎలా పంచుకుంటారో, తీగను ఇకమీదట కంచెకు కాక విడిగా పందిరికి పాకిస్తారని. ఇద్దరూ సంతకాలు పెట్టి చెరో కాపీ ఉంచుకోండి. నమ్మకం లేక కాదు, రేపు ఈ రెండిళ్ళలో ఏ ఇల్లు చేతులు మారినా కొత్తవాళ్ళకు ఈ రామాయణం మళ్ళీ విప్పి చెప్పే అవసరం ఉండదు. గుంజ మొత్తం పొడవులో సుమారు మూడో వంతు భూమిలోకి దించమని పనివాళ్ళకు చెప్పండి.

ఎంత చెప్పినా వాళ్ళు కదలకపోతే, ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, మీ ఖర్చుతో మీ స్థలంలోనే కంచె వేయించుకోండి. పనికి ముందూ తర్వాతా ఫొటోలు తీసుకోండి, ఈసారి గ్రూపులో పెట్టడానికి కాదు. కోర్టు మాట ఇప్పుడే ఎత్తవద్దు. కంచె కంటే వాయిదాలే ఖరీదవుతాయి.

ఎత్తు దగ్గర మాత్రం మీరు పట్టుబట్టండి. మీ అబ్బాయి ఏడడుగులు అంటున్నాడు, రేకులు చూసొచ్చి ఉంటాడు కూడా. పాత కంచె భుజం ఎత్తని మీరు రాశారు. కొత్తదీ అంతే ఉండాలని చెప్పండి. ఎందుకని మీవారు అడిగితే కారణం దాచక్కర్లేదు, పొద్దున్నే వదినతో మాట్లాడుకోవడానికి అని చెప్పండి.