రంగుల పుస్తకం కొనేముందు

అనంతపురం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

కలర్ మేనేజ్‌మెంట్, అంటే తెర మీది రంగు ప్రింటులోనూ అట్లే వచ్చేట్టు చూసుకోవడం, నేర్చుకోను ఏ పుస్తకం కొనాలని అడిగినావు. పేరు చెప్తా గానీ, ముందు మంచి పుస్తకాన్ని ఎట్లా గుర్తుపట్టాలో తెలుసుకో. చాలా పుస్తకాలు ఏ మెనూలో ఏది నొక్కాలో చెప్పి ఊరుకుంటాయి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రాగానే ఆ పేజీలు చిత్తు కాగితాలు.

పుస్తకం చేతికి రాగానే ప్రొఫైల్ (ఫైల్లోని అంకెలు ఏ రంగులో చెప్పే వివరం) 'అసైన్' చేయడం, 'కన్వర్ట్' చేయడం గురించి ఏం రాసినారో వెతుకు. అసైన్ చేస్తే ఫైల్లో అంకెలు అట్లే ఉంటాయి, కనిపించే రంగు మారుతుంది. కన్వర్ట్ చేస్తే అంకెలు మారతాయి, రంగు నిలుస్తుంది. ఈ తేడా తేటగా చెప్పని పుస్తకం ఎంత అందంగా అచ్చేసినా వద్దు. అడోబీ ఆర్‌జీబీ, ఎస్‌ఆర్‌జీబీ అనేవి అంకెలను రంగులుగా చదివే రెండు లెక్కలు, వీటినే స్పేస్‌లంటారు. నువ్వు అడోబీ ఆర్‌జీబీలో పంపిన ఆల్బమ్ ఫైలును ల్యాబు వాళ్లు ఎస్‌ఆర్‌జీబీ అనుకుని ప్రింటు వేస్తే పెళ్లికూతురి ముఖం పాలిపోయి వస్తుంది. తప్పు మెషీన్‌ది కాదు, అంకెలను వేరే లెక్కన చదవడంలో ఉంది.

"అడోబీ ఆర్‌జీబీ ఎప్పుడైనా మేలు" అని రాసిన పుస్తకాన్ని కూడా పక్కన పెట్టు. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ముందుకు తెచ్చిన ఎస్‌ఆర్‌జీబీకి, 1998 నాటి అడోబీ ఆర్‌జీబీకి ఎరుపు, నీలం మూలబిందువులు (రంగుల పరిధికి కొసలు) ఒకటే. తేడా అంతా ఆకుపచ్చ దగ్గరే, అక్కడ అడోబీది పెద్దది. మీ ధర్మవరం పట్టులో కుంకుమెరుపు చీరకు దాంతో పెద్దగా ఒరిగేదేం లేదు. నెమలికంఠం, చిలకపచ్చ చీరలకు మాత్రం అక్కర ఉంటుంది. మంచి పుస్తకం ఇట్లా ఏ రంగుకు ఏది పనికొస్తుందో విడమరిచి చెప్తుంది.

నేనైతే అన్నిటికన్నా ముందు రెండరింగ్ ఇంటెంట్ల అధ్యాయం చదివి చూస్తా. ప్రింటరుకు అందని రంగులను ఏం చేయాలో చెప్పే పద్ధతులు అవి. రిలేటివ్ కలరిమెట్రిక్‌లో ప్రింటరుకు అందని రంగులన్నీ అంచు దగ్గరికి వచ్చి ఆగిపోతాయి, అందే రంగులు కదలవు. అందుకే నెమలికంఠం చీర కుచ్చిళ్లలో ఏడెనిమిది ఛాయలు ఉండాల్సిన చోట ఒకే రంగు పూసినట్టు వస్తుంది, మడత కనపడదు. పర్సెప్చువల్ అన్ని రంగులనూ కొంచెం కొంచెం లోపలికి జరుపుతుంది కాబట్టి మడత నిలుస్తుంది, బదులుగా మెరుపు కాస్త తగ్గుతుంది. ఇంకో సంగతి: మామూలు ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్లో పర్సెప్చువల్ పట్టికే ఉండదు. అడోబీ ఆర్‌జీబీ నుంచి దాంట్లోకి మార్చేటప్పుడు ఏ ఇంటెంట్ ఎంచినా ఈ రెండిటికీ ఫలితం ఒకటే. ఆ తేడా కనిపించేది పట్టికలున్న ప్రింటర్, కాగితం ప్రొఫైళ్లతోనే. ఈ మాట రాసిన రచయితకు పని తెలుసు, ఆ పుస్తకం నిశ్చింతగా కొను.

మానిటర్ గురించిన పేజీలు పాతబడినాయా చూసుకో. మ్యాక్‌కు గామా (మధ్య ఛాయలు ఎంత వెలుగుగా కనిపించాలనే లెక్క) 1.8 పెట్టమంటే ఆ పుస్తకం 2009కి ముందుది. ఇప్పుడు 2.2 పెట్టుకో, వైట్ పాయింట్ (తెలుపు ఛాయ) డీ65, వెలుగు చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాల దగ్గర. మానిటర్ అరగంట వెలిగినాకే కొలత పరికరం ఆనించు. కొత్త మానిటర్లు దీనికి రెట్టింపుకు మించిన వెలుగుతో వస్తాయి, "ప్రింటు నల్లగా వచ్చింది" అనే గోలకు చాలాసార్లు ఇదే కారణం. మన ఎండ నేరుగా పడే కిటికీ పక్కన కూర్చుంటే ఏ పుస్తకమూ కాపాడలేదు, ముందు కర్టెన్ వెయ్యి. కొలత పరికరం లేకుండా కంటితోనే సరిచేసుకోమనే పుస్తకాన్ని నమ్మొద్దు.

ప్రింటింగ్ అధ్యాయంలో ఒక్కటి చూస్తే చాలు: ఫోటోషాప్ రంగులు చూసుకుంటుంటే ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ సర్దుబాటు ఆపేయాలని గట్టిగా చెప్పినారా లేదా. రెండూ పనిచేస్తే ప్రొఫైల్ రెండుసార్లు పడి, చర్మం ఎర్రబారుతుంది.

ఇక పేరు. బ్రూస్ ఫ్రేజర్, క్రిస్ మర్ఫీ, ఫ్రెడ్ బంటింగ్ రాసిన 'రియల్ వరల్డ్ కలర్ మేనేజ్‌మెంట్', రెండో ఎడిషన్. పాతదే. సీఆర్‌టీ (పాత గాజు గొట్టం) మానిటర్ల పేజీలు, అప్పటి సాఫ్ట్‌వేర్ బొమ్మలు దాటెయ్. ప్రొఫైళ్లు ఎట్లా పనిచేస్తాయనే భాగాలకు మాత్రం కాలదోషం లేదు. సెకండ్‌హ్యాండ్ దొరికినా తీసుకో. మొదటి పేజీ నుంచి వరసగా చదవొద్దు. మానిటర్ అధ్యాయం చదివి ఆ రోజే పరికరంతో కొలిచి మానిటర్ సరిచెయ్ (క్యాలిబ్రేట్), తర్వాత అసైన్, కన్వర్ట్ సంగతి, ఆ పైన సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎట్లా వస్తుందో తెర మీదే చూసుకోవడం. కంటి సిద్ధాంతం చివరికి పెట్టుకో.

పుస్తకం వచ్చేలోపు ల్యాబుకు ఫోన్ చేసి, వాళ్ల కాగితానికి ఐసీసీ ప్రొఫైల్ (అన్ని సాఫ్ట్‌వేర్లూ చదివే ప్రామాణిక ప్రొఫైల్ ఫైలు) ఇస్తారా అడుగు. ఇస్తే సాఫ్ట్ ప్రూఫ్‌కు వాడుకో, ఫైలు మాత్రం వాళ్లు అడిగిన స్పేస్‌లోనే పంపు. లేదంటే ఎస్‌ఆర్‌జీబీలోకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ ఫైల్లోనే చేర్చి (ఎంబెడ్), ఆటో కరెక్షన్ వద్దని ఆర్డర్ మీద రాయి.

ఇట్లు
పెదనాన్న