స్క్రూ విప్పే ముందు ఫోటోలు దాచుకో

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న 2013లో కొన్న లాప్‌టాప్ ఆన్ చేసి, పాలు కాచి, కాఫీ కలుపుకొని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉందని నిన్న ఫోనులో వాపోయావు. కొత్తది కొనేస్తానన్నావు. కాస్త ఆగు. ముందు ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి చూడు. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని, డిస్కు మాత్రం వంద శాతం చూపిస్తుంటే ముసలితనం వచ్చింది ఆ డిస్కుకే. దాన్ని తీసి ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కు పెడితే సరి.

కొండ మీద చెప్పుల స్టాండు గుర్తుందా? టోకెన్ ఇస్తే ఒక్క మనిషి ఆ వరసల మధ్య నడిచి వెళ్లి మన జత వెతికి తెస్తాడు. హార్డ్ డిస్కు పని అచ్చం అదే. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం మీద ఒక చిన్న చేయి అటూ ఇటూ కదులుతూ వెతుకుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల టోకెన్లు ఒకేసారి వచ్చి పడతాయి, పాపం ఆ చేయి ఏం చేస్తుంది! ఎస్ఎస్‌డీలో అన్నీ చిప్పుల్లోనే ఉంటాయి, తిరిగేదీ నడిచేదీ ఏదీ లేదు, అడిగిన జత ఎక్కడున్నా చేతికందే దూరమే. అందుకే నిమిషాలు పట్టే పని సెకన్లకు దిగుతుంది.

కొనేటప్పుడు పాత డిస్కు చోటులోనే, దాని కనెక్టర్‌కే తగిలే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ అనే అడుగు. గాంధీ రోడ్డులోనో మీ ఊళ్లోనో దుకాణంవాళ్లు ‘ఎన్‌వీఎంఈ ఇంకా వేగం’ అంటూ చూయింగ్ గమ్ బిళ్ల లాంటి ఇంకో రకం ఎస్ఎస్‌డీ చూపిస్తారు. మాట నిజమే గానీ, మీ నాన్న లాప్‌టాప్‌లో దాన్ని పెట్టే చోటే లేదు. 500 జీబీది నీకు చాలు. వెయ్యి రూపాయలకు రెండు టీబీ అని ఆన్‌లైన్‌లో కనబడితే మాత్రం అటువైపు చూడకు. అలాంటివి పైకి రెండు టీబీ చూపించి, లోపల చోటు నిండగానే దాచినవాటిని పాడుచేస్తాయి.

ఇక అసలు విషయం. స్క్రూడ్రైవరు ముట్టుకునే ముందే నీ పాఠ్య ప్రణాళికలు, మీ అమ్మ ఫోటోలు అన్నీ వేరే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించు. ఎక్కించి ఊరుకోకు, మరో కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడు. ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నా లాప్‌టాప్‌కు ఇదే పని చేస్తూ, పాత డిస్కును కొత్తదాని మీదికి నకలు తీయబోయాను. రెండూ 500 జీబీలే, కంప్యూటర్ లెక్క వేరు కాబట్టి తెర మీద రెండూ 465 అని కవల పిల్లల్లా కనిపించాయి. ఏది మూలమో ఏది గమ్యమో తారుమారు చేసి, ఖాళీ డిస్కును నిండు డిస్కు మీదికి ఎక్కించేశాను. తిరుచానూరులో జరిగిన మన ఇంటి పెళ్లి ఫోటోలు అన్నీ పోయాయి. మీ అత్తయ్య నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అందుకే నీకు నకలు వద్దంటాను. కొత్త డిస్కులో కొత్తగానే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకో, పాత చెత్త కూడా వదులుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కు కావలసిన ప్రాసెసర్ మీ నాన్న లాప్‌టాప్‌లో లేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టు. తెలుగు టైపింగ్ అందులోనూ చక్కగా సాగుతుంది.

విప్పడం పెద్ద విద్యేమీ కాదు. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడదీసి, పవర్ మీటను పది సెకన్లు నొక్కి పట్టుకో. బీరువా తలుపు తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తు వదిలించుకో. లాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ ఒక థర్మకోల్ ముక్క మీద గీసి, తీసిన ప్రతి స్క్రూనూ దాని చోటులోనే గుచ్చు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన టచ్‌ప్యాడ్ దగ్గర ఉబ్బుతుంది. స్క్రూలన్నీ తీసినా మూత రాకపోతే బలం చూపించకు, రబ్బరు కాళ్ల కింద ఇంకొకటి దాక్కుని ఉండొచ్చు. డిస్కును పైకి లాగకుండా పక్కకు జరిపితే దాని కనెక్టర్ నుంచి జారి వస్తుంది. పాతదాని చుట్టూ ఉన్న ఇనుప చట్రాన్ని పారేయకు, కొత్తదానికి బిగించాల్సింది దాన్నే. కొత్తది ఒకవేళ మందం తక్కువై కదులుతుంటే మీద ఒక ప్లాస్టిక్ ముక్క అతికించు.

ర్యామ్ 4 జీబీయే అయితే అదే మూత తెరిచి ఉండగా ఇంకో 4 జీబీ వేసుకో, పాతదాని మీద రాసి ఉన్న రకమే తీసుకో. చెదిరిన ఫైళ్ల ముక్కల్ని ఒకచోట సర్దే డీఫ్రాగ్ పని కొత్త డిస్కుకు చేయకు. దానిలో చెరిపేసిన ఫైలు తిరిగి దొరకడం దాదాపు అసాధ్యం, అదీ గుర్తుంచుకో. పాత డిస్కును ఒక యూఎస్‌బీ పెట్టెలో వేసి నెల రోజులు అలాగే ఉంచు.

చేయి వణికితే ఆదివారం పొద్దున బస్సెక్కి ఇక్కడికే తెచ్చెయ్. సన్నమొన స్క్రూడ్రైవరు నా దగ్గరుంది. ఛార్జర్ మాత్రం మరచిపోకు, పోయినసారి అదే ఇంట్లో వదిలేసి వచ్చావు.

మీ మామయ్య